గాజుకర్రలో ముడత

వర్క్‌షాపు మీది గది
ఎండలు ముదిరిన రోజులు

పిచ్చుకా,

“మేమంతా క్షేమం” అని రాసి కొట్టేశాను. నీ దగ్గర దాచినా దాగదు. క్షేమమే గానీ పూర్తిగా కాదు. మీ అన్నయ్యకి చేతి వణుకు కొంచెం పెరిగింది. డాక్టరు మాత్రలు మార్చాడు. అవి వేసుకుంటే మధ్యాహ్నం భోజనం కాగానే కునుకు ముంచుకొచ్చేస్తుంది, లేచేసరికి సాయంత్రం అవుతుంది. అంతకు మించి ఏమీ లేదు. నువ్వు కంగారుపడి పెట్టె సర్దుకుని ఊడిపడకు.

ఈ పార్సిల్లో నాలుగు గాలం కర్రలున్నాయి. అన్నీ గాజునారవే, అదే ఫైబర్‌గ్లాసువి. నీకు గుర్తుందా, మీ అన్నయ్య పనిచేసే గాలం కర్రల ఫ్యాక్టరీలోకి కార్బన్ నార వచ్చినప్పుడు మా గాజుకర్రల్ని ఎలా తీసి అవతల పారేశారో? తేలిక, బిగువు, ఏటికి అడ్డంగా ఎంత దూరమైనా విసరొచ్చు అని జనం దాని వెంట పడ్డారు. గాజుగుడ్డ చుట్టే ఉక్కు కడ్డీలన్నీ తుక్కులో వేస్తుంటే మీ అన్నయ్య భుజాన మోసుకొచ్చి మంచం కిందకి తోశారు. ఊడ్చినప్పుడల్లా చీపురుకి తగిలి నా ప్రాణం తీసేవి. ఎన్నిసార్లు పాత సామాన్లవాడికి వేసేద్దామనుకున్నానో! ఇప్పుడు వాటికే మంచి రోజులొచ్చాయి. కుర్రకారంతా పాత గాజుకర్ర ఉందా అని అడుగుతున్నారని గాలాల దుకాణాయన చెప్పాడు. చిన్న ఏట్లో జానెడు చేప కోసం ఆ కార్బన్ కర్ర పట్టుకెళ్ళడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మీ అన్నయ్య మొదట్నించీ మొత్తుకుంటున్న మాటే. నిన్ను కాదులే అన్నది.

దుకాణాయన సంగతి నీకూ తెలిసే ఉంటుంది. వానలు వెనకపట్టాక గాజుకర్రల మీద మోజున్న వాళ్ళందర్నీ మీ ఏటి మలుపు దగ్గరే కూడేస్తాడట. “పెద్దాయన కర్రలు లేకపోతే అది సభే కాదు” అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మీ అన్నయ్యకి వేరే ధ్యాస లేదు. “నా చెయ్యి ఇంకా ఉందని అక్కడ తెలియాలి” అంటున్నారు. పొద్దున బల్ల దగ్గర నుంచున్నారంటే అన్నానికి పిలిచేదాకా కదలరు. అంతా బాగానే ఉంది గానీ ఈమధ్య మాట తగ్గిపోయింది. మొదట్లో ఈలలు వేసుకుంటూ చేసిన మనిషి ఇప్పుడు నోరు విప్పడం లేదు.

కర్రలన్నీ ఆయన చుట్టినవే. నువ్వు రోజూ జనాన్ని ఏట్లోకి దింపి విసరడం నేర్పేదానివి, నీ చేతికి తెలియనిది ఉండదు. నాలుగూ విసిరి చూసి ఎలా ఉన్నాయో రాయి. నా పేరుకే రాయి. మీ కొండల్లో ఫోన్ పలకదు, మా ఇంట్లో పలికితే పక్కగదిలోకి అంతా వినపడుతుంది.

మీ వదిన

~

ఏటి మలుపు ఇల్లు
మొదటి వాన పడ్డాక

వదినా,

పార్సిల్ అందింది. ముందు మంచి కబురు చెప్తాను. సన్న కర్ర పట్టుకుని ఏట్లో దిగి మొదటిసారి విసిరానా, నవ్వొచ్చేసింది. చిన్నప్పుడు అన్నయ్య నా చేతికిచ్చిన కర్ర కూడా ఇలాగే పిడి దాకా వంగేది. కార్బన్ కర్ర నిన్ను తొందరపెడుతూనే ఉంటుంది. దీనితో అలా కుదరదు. దారం వెనక్కి పోయి పూర్తిగా సాగేదాకా ఆగాలి, అప్పుడే ముందుకి తేవాలి. ఆగడం రాని వాడికి ఇది అసలు మాట వినదు.

నిన్న ఒక బ్యాంకు ఆఫీసరు వచ్చాడు. అలవాటంతా కార్బన్‌తోనే. ఆగండి సార్, ఆగండి సార్ అని నా గొంతు పోయింది. ఎరగా ఈకలతో అంత ముద్దుగా కట్టిన దొంగ ఈగ నీళ్ళలో పడకుండా ఆయన టోపీలోనే దిగింది. పొద్దున్నుంచీ పట్టిన ఒకే ఒక్క చేప ఆ టోపీ. చివరికి ఆగడం నేర్చుకున్నాడులే. వేలెడంత చేప పడినా కర్ర మొత్తం వంగేసరికి చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు. అందుకే గాజుకర్ర తిరిగొచ్చింది. బ్యాంకు ఆఫీసర్లకి కూడా ఒక్కోసారి కేకలు పెట్టాలని ఉంటుంది.

వదినా, ఒకటి అడుగుతాను. ఈసారి గుడ్డ వేరే చోట కొన్నారా? చుట్టేటప్పుడు అన్నయ్య బల్లకి ఏ వైపున నుంచుంటున్నాడు, కిటికీ వైపా గోడ వైపా? ఇంకో మాట. మిగతా కర్రలు చుట్టడం కొన్నాళ్ళు ఆపగలరా? ఊరికే అడుగుతున్నాను. వానకి ఏరు ఎర్రబడింది, చేపలు పడవు, తొందరేముంది అని.

అన్నయ్యకి నా ముద్దులు. మాత్రలు సరిగ్గా వేసుకోమను.

పిచ్చుక

~

వర్క్‌షాపు మీది గది
వాన వెలిసిన పొద్దు

పిచ్చుకా,

నువ్వు ఊరికే ఏదీ అడగవు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు ఊరికే అడిగిన ప్రశ్న ఒక్కటి చూపించు. ఏ వైపు నుంచుంటే నీకెందుకు? కిటికీ వైపే నుంచుంటారు. గుడ్డ ఎప్పుడూ కొనే చోటే కొన్నాం. కర్రలు ఆపమంటే ఏమని చెప్పి ఆపను? “మీ చెల్లెలు వద్దంది” అంటే ఆ పూట అన్నం ముట్టరు.

అసలే ఇక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్నాను. మీ అన్నయ్యకి ఏదో అవుతోంది. చేతుల సంగతి కాదు. మొన్న పొయ్యిలో కాల్చి గట్టిపడ్డ కర్రకి పైన చుట్టిన టేపు ఊడదీసి, బొటనవేలితో ఈ కొస నుంచి ఆ కొసకి తడిమారు. మళ్ళీ తడిమారు. తలెత్తి “ఇది నేను చుట్టిందేనా?” అన్నారు. “మీరు కాక నేనా?” అన్నాను. కర్ర గోడకి ఆనించి వెళ్ళి కూర్చున్నారు.

స్నానానికి వెళ్తూ వెళ్తూ “ఇవాళ ఏ వారం?” అని అడుగుతారు. నేను చెప్పేలోపు తనే చెప్పి “కరెక్టేనా?” అంటారు. బల్ల అంచున సుద్దముక్కతో ఏవో అంకెలు వేసుకుని, నేను వస్తున్న చప్పుడు వినగానే చేత్తో తుడిచేస్తారు. క్షవరానికని పొద్దున్నే బస్సెక్కి పొద్దుగూకి వచ్చారు. జుట్టు వెళ్ళినప్పుడు ఎలా ఉందో వచ్చినప్పుడూ అలాగే ఉంది. అడిగితే కసురుకున్నారు. నా మీద ఎప్పుడూ కసురుకోని మనిషి.

కింది వాటాలో ఉండే నర్సుని ఆ మాటా ఈ మాటా మధ్య అడిగాను. ఈ వణుకు జబ్బు కొంతమందికి మెల్లగా మతిమరుపులోకి కూడా దింపుతుందట. అది విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. చేతులు పోతే నేను తినిపిస్తాను. నన్నే మర్చిపోతే ఏం చెయ్యను, చెప్పు.

నా బాధలో నేనుంటే నువ్వు ఎటు నుంచున్నాడు, ఎందుకు నుంచున్నాడు అని పొడుపుకథలు వేస్తావు. ఆ కర్రలకి ఏమైంది? ఏదైనా విరిగిందా? ఉన్నదున్నట్టు రాయి.

మీ వదిన

~

ఏటి మలుపు ఇల్లు
ముసురు

వదినా,

విరిగింది.

నీ మొదటి ఉత్తరం అందిన వారంలోనే విరిగింది. ఉత్తరం అన్నయ్య కంటపడుతుందేమోనని రాయలేదు. ఇప్పుడు దాచే వీలు లేదు, ఎందుకో చివర్లో చెప్తాను.

దుకాణాయన సభకి చోటు చూసుకోవడానికి వచ్చాడు. అన్నయ్య కర్ర ఎలా పలుకుతుందో చూపిద్దామని రెండో కర్ర తీసుకుని దిగాను. బాగా ఒడ్డూపొడుగూ ఉన్న చేపే పడింది. కర్ర వంగింది, వంగుతూ పక్కకి మెలి తిరిగింది. గాజుకర్ర ఎంతైనా వంగుతుంది గానీ మెలి తిరగడం నేనెప్పుడూ చూడలేదు. నేనింకా వింతగా చూస్తూనే ఉన్నాను, నడిమికి ఫట్‌మని రెండు ముక్కలైంది. పై ముక్క ఎగిరి దుకాణాయన చెవి పక్కనుంచి పోయింది. ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది.

తప్పు నాదేనేమో అనుకున్నాను ముందు. ఇంటికొచ్చి విరిగిన చోట చూశాను. అన్నయ్య ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు నాకు నూరిపోసిందే కదా, గాజుగుడ్డకి బలమంతా నిలువు పోగుల్లో ఉంటుంది, ఆ పోగులు కర్ర పొడుగునా తిన్నగా పరిగెత్తాలి అని. ఇందులో పోగులు ఏటవాలుగా ఉన్నాయి. మిగతావి విసరకుండా చేత్తో వంచి చూశాను. సన్న కర్ర ఒక్కటే తిన్నగా వంగుతోంది. తక్కిన రెండూ మెలి తిరుగుతున్నాయి.

ఇంకోటి ఉంది. గాజుకర్రని ఎండకి ఎత్తి పట్టుకుంటే లోపల గుడ్డ అంచు చారలా కనపడుతుంది. అన్నయ్య చుట్టు ఎప్పుడూ కుడికి తిరుగుతుంది. నా దగ్గరున్న పాత కర్రలన్నీ తీసి చూశాను, ఒక్కటీ తప్పలేదు. నువ్వు పంపిన నాలుగూ ఎడమకి తిరిగాయి, ఆ మంచి కర్రతో సహా. అందుకే ఏ వైపు నుంచుంటున్నాడని అడిగాను. వైపు మార్చాడేమోనని ఆశపడ్డాను.

మన ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరికే, వదినా.

ఇక అసలు భయం. దుకాణాయన ఆ రోజు ఒడ్డున కూర్చుని “పెద్దాయన చెయ్యి పోయినట్టుందమ్మా” అన్నాడు. మంచివాడే, ఎగతాళిగా అనలేదు. “ఇంతమందిని పిలిచాక ముక్క ఎగిరి ఎవరి కంట్లోనైనా దిగితే? నేనే వెళ్ళి ఆయనతో మాట్లాడతాను” అన్నాడు. ఈ ఆదివారం కాదు, ఆపై ఆదివారం మీ ఇంటికి వస్తున్నాడు.

నాకు నిజం చెప్పు.

పిచ్చుక

~

వర్క్‌షాపు మీది గది
అదే ముసురు ఇక్కడా

పిచ్చుకా,

దొరికిపోయాను.

వేసవి మొదట్లో సంగతి. ఆయన పొద్దున ఒక కర్ర చుట్టారు. నీకు తెలుసుగా, జిగురు పట్టిన గాజుగుడ్డని ఉక్కు కడ్డీకి అంటించి, గాలి చొరకుండా నొక్కుతూ చుట్టి, పైన టేపు బిగించాలి. సాయంత్రం పొయ్యిలో పెట్టి కాల్చాలి. కాలిందంటే ఇక మార్చలేం. గుడ్డ అంచు నొక్కి పట్టే చోటే ఆయన వేళ్ళు ఆడిపోతున్నాయి. టేపు కింద ముడత పడింది. ముడత పడ్డ చోటే కర్ర విరుగుతుంది కదా.

మధ్యాహ్నం ఆయన పడుకున్నాక ఆ ముడత ఒక్కటి సర్దుదామని టేపు విప్పాను. అంతే, గుడ్డ ఒకదానికొకటి అంటుకుని పాడైపోయింది. చేసేది లేక కొత్త ముక్క కోసి నేనే చుట్టేశాను. ఇన్నేళ్ళు జాకెట్లు కుట్టిన చెయ్యి, గుడ్డ నా మాట వినదా? సాయంత్రం ఆయన లేచి దాన్నే తన చేత్తో పొయ్యిలో పెట్టుకున్నారు. మర్నాడు కడ్డీ మీంచి లాగితే కర్ర ఎంత నున్నగా వచ్చిందనుకున్నావు! ఆయన ఈల వేసుకుంటూ ఇల్లంతా తిరిగారు. ఆ మొహం చూసుంటే నువ్వూ నోరు మూసుకునేదానివి.

మర్నాడూ అంతే అయింది. ఆ తర్వాత రోజూ అదే పని. ఆయన పొద్దున చుట్టడం, నేను మధ్యాహ్నం విప్పడం.

విరగడం మాత్రం నా తెలివితక్కువతనం. తర్వాతి వాటికి సన్న కొస దగ్గర గుడ్డ తిరిగేది కాదు, నా చుట్టులోనూ ముడతే. దర్జీ బుర్ర కదా, మెడపట్టీ గుర్తొచ్చింది. తిన్నగా కోసిన పట్టీ మెడ చుట్టూ తిరగనని మొరాయిస్తుంది, క్రాస్‌గా, ఏటవాలుగా కోస్తే చెప్పినట్టు వింటుంది. గాజుగుడ్డనీ క్రాస్‌గా కోశాను. ఎంత ముద్దుగా చుట్టుకుందో! ఆయనకి తట్టనిది నాకు తట్టిందని లోలోపల మురిసిపోయాను కూడా. నిలువు పోగుల సంగతి నాకూ చెప్పారు, చెవిన పడింది, బుర్రకెక్కలేదు. జాకెట్టు విరగదు కదే! ఆ సన్న కర్ర ఒక్కటే అంతకుముందు తిన్నగా కోసింది.

దుకాణాయన చెవి పక్కనుంచి పోయిందని రాశావు. అది కంట్లోకి పోయుంటే? నీ కంట్లోకే పోయుంటే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా చేతిలో పని వదిలేసి కూర్చుండిపోతున్నాను. క్రాస్‌గా కోసినవి ఇక్కడ ఇంకా ఉన్నాయి, అన్నీ మధ్యకి విరిచేశాను. ఎక్కడ పెట్టావని ఆయన అడిగితే పై అటక మీద ఉన్నాయన్నాను. ఇంకో అబద్ధం.

ఇప్పుడేం చెయ్యను? దుకాణాయన వచ్చి “మీ కర్ర విరిగింది” అన్నాడా, తన చెయ్యి పోయిందని ఆ క్షణానే ఒప్పేసుకుంటారు. కడ్డీలు మంచం కిందకి, ఆయన మంచం మీదకి. “విరిగింది మీది కాదు, నాది” అన్నానా, వేసవి నుంచీ మీరు చుట్టింది ఒక్కటీ పొయ్యి మొహం చూడలేదని చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అసలే మతి నిలకడగా లేని మనిషికి ఈ మాట ఎలా చెప్పను? చెప్తే ఉన్న మతి కాస్తా పోతే?

మీ వదిన

~

ఏటి మలుపు ఇల్లు
పోస్టు వెళ్ళే వేళ, హడావిడిలో

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. నువ్వు ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో. అన్నయ్య చేతుల మీద నమ్మకం నీకెప్పుడు పోయింది, నాకు ఒక్క ముక్కయినా రాయలేదే అని. తర్వాత ఏడుపొచ్చింది. అన్నయ్యకే తెలియకుండా రోజూ మధ్యాహ్నం నువ్వొక్కదానివే ఆ బల్ల దగ్గర విప్పుతూ చుడుతూ నుంచున్నావా?

నీకు పనికొస్తుందంటే ఒక అబద్ధం తయారుగా ఉంది. కర్ర అంతకు ముందురోజే జీపు తలుపు సందులో పడి నలిగింది, నేను చూసుకోకుండా వాడాను, తప్పంతా నాది అని దుకాణాయనకి చెప్తాను. నమ్ముతాడు. నా జీపు తలుపు సంగతి ఆయనకి తెలుసు. మెలి తిరిగే ఆ రెండు కర్రల్ని ఇక్కడే విరిచి పొయ్యిలో పెట్టేస్తాను. నువ్వు తిన్నగా కోసి మళ్ళీ చుట్టి పంపు. అన్నయ్యకి ఏమీ తెలియక్కర్లేదు. సభ జరిగిపోతుంది, ఆయన పేరు నిలబడుతుంది.

నన్నడిగితే మాత్రం చెప్పెయ్యమంటాను. అలా అనడం నాకు తేలికే, చెప్పాక అన్నయ్య మొహం చూస్తూ ఆ ఇంట్లో ఉండాల్సింది నువ్వు. అందుకే నిర్ణయం నీదే.

దుకాణాయన ఆదివారం పొద్దున నా ఇంటి మీదుగానే బయల్దేరతాడు. అబద్ధం కావాలంటే ఆలోపు ఇక్కడి పోస్టాఫీసుకి ఫోన్ చేసి “తలుపు” అని ఒక్క ముక్క చెప్పు. పోస్టుమాస్టరు నాకు చెప్తాడు. ఫోన్ రాకపోతే నేను నోరు మెదపను.

నీ చేతులు జాగ్రత్త. గాజుపొడికి మూతికి గుడ్డ కట్టుకుంటున్నావా?

పిచ్చుక

~

వర్క్‌షాపు మీది గది
ఎండ కాసిన రోజు

పిచ్చుకా,

ఫోన్ రాలేదని నీకు తెలుసు. ఎందుకు రాలేదో రాస్తాను.

“తలుపు” అని చెప్పడానికే చెప్పులేసుకున్నాను. నిజం. శనివారం పొద్దున సంచీ పట్టుకుని బల్ల పక్కనుంచి వెళ్తుంటే మీ అన్నయ్య చుట్టడం ఆపి పిలిచారు. టేపు మీద ఒకచోట వేలు పెట్టి నొక్కి చూపించారు. “ఇక్కడ ముడత ఉంది. నీకు తగులుతోందా?” అన్నారు. నా నోటికి అలవాటైపోయిన మాట వచ్చేసింది. “ఏం లేదండీ, బాగానే ఉంది” అన్నాను.

ఆయన నావైపు చూశారు. అంత భయం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు, జబ్బు పేరు చెప్పిన రోజు కూడా. వేలు అక్కడే పెట్టి, నాతో కాదు, తనలో తనే అనుకుంటున్నట్టు అన్నారు. “రోజూ ఉంటుంది. మర్నాటికి పోతుంది.”

అప్పుడు నాకు వెలిగింది. వారాలు అడగడం, అంకెలు వేసుకోవడం, అంతా. చెప్పులు ఎక్కడ విప్పానో తెలియదు, అక్కడే కూలబడి మొత్తం కక్కేశాను. మధ్యాహ్నాలూ, క్రాస్ కోతా, నీ చేతిలో విరిగిన కర్రా, దుకాణాయన రావడమూ. ఆయన వేళ్ళకి జిగురుగుడ్డ అంటుకునే ఉంది, పీక్కోలేదు. నేను ఆపేదాకా విన్నారు. తర్వాత అడిగారు.

“అయితే ఇప్పుడు నా వేలి కింద ముడత ఉందా?”

“ఉందండీ.”

“నిన్నటి దాన్లో?”

“ఉంది.”

“అంతకు ముందు వాటిలో?”

“అన్నిట్లోనూ ఉన్నాయండీ. మీ వేలికి తగిలిందల్లా నిజమే.”

“అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట” అన్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. ఆ చేతులు అలా ఊగిపోతుంటే నేను పట్టుకున్నాను.

క్షవరానికని వెళ్ళిన రోజు పెద్దాసుపత్రిలో మతిమరుపు డాక్టరు దగ్గరికి వెళ్ళారట. ఇవాళ ఏ వారం, వందలోంచి ఏడు తీసెయ్, మళ్ళీ ఏడు తీసెయ్ అని అడిగాడట ఆ డాక్టరు. సుద్దముక్క లెక్కలు అవే. మళ్ళీ అడిగితే తప్పకూడదని ఇంట్లో సాధన. మీకేమీ లేదని డాక్టరు చెప్పినా నమ్మలేదు. “ఆయనకేం తెలుసు? పొద్దున నా చేత్తో తడిమిన ముడత మర్నాడు లేకపోతే నాకేమీ లేదని ఎలా నమ్మను?” అన్నారు. నాకెందుకు చెప్పలేదని అడిగాను. “చేతులు పోతే నీ చేతులున్నాయి. మతి పోయి ఒకరోజు లేచి నువ్వెవరని అడిగితే నువ్వేమైపోతావు? అది తలుచుకుంటే నోరు రాలేదు” అన్నారు. ఆయనకి భయం తెలియకూడదనే కదా నేను చేసిందంతా. వేసవంతా ఆ భయం పెట్టింది నేనే, పిచ్చుకా. పక్కనే కూర్చుని అన్నం వడ్డిస్తూ పెట్టాను.

సాయంత్రానికి కోపం వచ్చింది. రావాలి కూడా. ఆ రాత్రీ మర్నాడు పొద్దుటా నాతో మాటల్లేవు. దుకాణాయన వచ్చాక ఆయనే ఎదురెళ్ళి కూర్చోబెట్టి, “విరిగింది మా ఆవిడ చుట్టింది, కోత తప్పు. నా చెయ్యి అంతకు ముందే పోయింది. ఈసారి సభకి మా కర్రలు వద్దు” అనేశారు. దుకాణాయన ఇబ్బందిపడి, వచ్చే ఏడు చూద్దాంలెండి అన్నాడు. చూస్తాడో లేదో తెలియదు. అంత ఎదురుచూసిన సభ అలా పోయింది. మీ అన్నయ్య మాత్రం దుకాణాయన వెళ్ళాక రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

నన్ను క్షమించారా అంటే ఏమో. సోమవారం నుంచి నాకు పని నేర్పుతున్నారు. నేర్పడం కాదు, రాచిరంపాన పెడుతున్నారు. నిలువు పోగు, నిలువు పోగు అని చెవిలో జోరీగ. ఎడమచేత్తో చుడితే తప్పులేదట, చెప్పకుండా చుట్టడమే తప్పట. రోజుకి పదిసార్లు దెప్పుతున్నారు. పడుతున్నాను.

నిన్న పొద్దున మాత్రం నన్ను పక్కకి జరగమని తనొక్కరే ఒక కర్ర చుట్టారు. చాలాసేపు పట్టింది. చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. భోజనమయ్యాక ఆ కర్రని బల్ల మీద పెట్టి, “దీన్ని ముట్టుకోకు” అన్నారు. అని పడుకున్నారు. ఆ మధ్యాహ్నం నేను బల్ల ఉన్న గదిలోకే వెళ్ళలేదు. లేచాక, కళ్ళైనా కడుక్కోకుండా వెళ్ళి బొటనవేలితో తడిమారు. నేను గుమ్మంలో నుంచుని చూస్తున్నాను. ఒకచోట వేలు ఆగింది. ఇంకోచోట ఆగింది. నావైపు తిరిగారు. “ఉంది” అన్నారు. ఆ మొహం ఎంత తేటగా ఉందో నాకు రాయడం చేతకాదు.

అలాగే కాల్చాం. రెండు ముడతలున్నాయి. దేనికీ పనికిరాదు. ఏట్లోకి తీసుకెళ్ళావంటే ఊరుకోను, ఇంట్లో చేత్తో వంచి చూడు చాలు. ఈ పార్సిల్లో పంపుతున్నాం. ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయి. బాగుందని మాత్రం రాయకు. ఇంకో సంగతి. ఈసారి ఉత్తరం నా పేరుకి కాదు, ఆయన పేరుకి రాయి.

మీ వదిన